ఒక గది, రెండు రంగులు: ఏది వేయాలో తేలనివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి ముదురు నెమలికంఠం రంగు, ఇంకోటి లేత గంధం రంగు. రెండూ నచ్చాయి, రెండింటికీ పొంతన లేదు, గది మాత్రం ఒక్కటే. రంగుల గురించి నన్ను అడిగేవాళ్ళలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోయి ఉంటారు. షేడ్ కార్డ్ నెల రోజులుగా టేబుల్ మీదే ఉంటుంది, ఇంట్లో తలా ఒక మాట, పెయింటర్ వచ్చే రోజు దగ్గరపడుతుంటుంది, టెన్షన్. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగినవీ, నేను సొంత గదుల్లో పొరపాట్లు చేసి నేర్చుకున్నవీ కలిపి రాస్తున్నాను. ఉదాహరణకి ఆ రెండు రంగులనే చివరిదాకా వాడతాను. మీవి వేరే రంగులైనా లెక్క ఒకటే.

రెండింటిలో ఏది మంచిదో సూటిగా చెప్పేయొచ్చు కదా?

గది చూడకుండా చెప్తే అది నా ఇష్టం చెప్పినట్టవుతుంది తప్ప మీకు పనికొచ్చే జవాబు అవదు. మీకేమో రెండూ ఇష్టమే, కాబట్టి ఇక తేల్చాల్సింది గదే. ముందు ఒక కాగితం మీద ఆ గదిలో మీరు నిజంగా ఉండే గంటలు రాయండి. పడకగది అయితే చాలామంది పొద్దున్నే లేచి వెళ్ళిపోయి రాత్రికి వస్తారు, అంటే ఆ గోడల్ని చూసేది దాదాపు ఎప్పుడూ బల్బు వెలుగులోనే. మధ్యాహ్నం ఎండలో ఆ రంగు ఎంత బాగున్నా చూడ్డానికి మీరు అక్కడ ఉండరు. చదువుకునే గదో, పగలంతా కూర్చుని పనిచేసుకునే గదో అయితే లెక్క తిరగబడుతుంది. కిటికీ వెలుగే ప్రధానం, బల్బు తర్వాత. ఈ గంటలు రాసుకున్నాక చాలామంది ఒక రంగు వైపు మొగ్గడం చూశాను.

షేడ్ కార్డ్ మీద చూసి ఎంచుకుంటే ఏమవుతుంది?

కార్డు మీద ఉండేది తపాలా బిళ్ళంత ముక్క. దాని చుట్టూ తెల్ల కాగితం, పక్కన అదే వరసలో ఇంకో ఆరు షేడ్లు. మన కన్ను ఏ రంగునీ ఒంటరిగా చూడదు, పక్కనున్న దానితో పోల్చుకునే చూస్తుంది. అందుకే తెల్ల కాగితం పక్కన గంధం రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది, అదే ముక్కని నెమలికంఠం పక్కన పెడితే దాదాపు తెల్లగా వెలిగిపోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పారిస్‌లో గోబెలాఁ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగం చూసేవాడు. నల్ల దారం నల్లగా లేదని, వెలిసిపోయినట్టుందని ఫిర్యాదులు వస్తే దారాన్ని పరీక్షించాడు. అద్దకంలో లోపం కనబడలేదు. పక్కన నేసిన రంగు దారాల వల్లే నలుపు అలా కనిపిస్తోందని తేల్చి, 1839లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. రెండు విరుద్ధమైన రంగుల మధ్య ఊగిసలాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీరు ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టే చూస్తున్నారు, అక్కడ ఒకదాన్ని ఇంకోటి రెచ్చగొడుతుంది. గోడ మీద ఒక్కటే ఉన్నప్పుడు ఆ జోరు ఉండదు.

కార్డుతో ఇంకో చిక్కు కూడా ఉంది. గదిలో నాలుగు గోడలకీ ఒకే రంగు వేస్తే ఒక గోడ మీద పడ్డ వెలుగు ఆ రంగు పూసుకుని ఎదుటి గోడ మీద పడుతుంది, అది మళ్ళీ తిరిగొస్తుంది. ఇలా తిరిగే కొద్దీ రంగు చిక్కబడుతుంది. పసుపు ఛాయ ఉన్నవాటితో ఇది ఎక్కువగా తెలుస్తుంది. కార్డు మీద మెత్తగా కనిపించిన లేత పసుపు గదంతా వేశాక కళ్ళలో గుచ్చుకుంటుంటే రంగు తప్పు కలిపారని అనుకుంటారు. చాలాసార్లు కలపడంలో తప్పేమీ ఉండదు. అందుకే పసుపు, నారింజ ఛాయల్లో అయితే కార్డు మీద నచ్చినదానికంటే ఒక మెట్టు తేలికైంది, కాస్త బూడిద కలిసింది తీసుకోమంటాను.

మరి శాంపిల్ ఎలా వేయాలి? గోడ మీదే నాలుగు చోట్ల పూసేస్తే సరిపోదా?

అందరూ చేసేది అదే, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది. పాత గోడ లేత ఆకుపచ్చది అనుకోండి, దాని మీద పూసిన గంధం కాస్త ఎర్రగా కనబడుతుంది. పాత రంగే మీకు అబద్ధం చెబుతోందన్నమాట. ఒకదానికొకటి ఆనించి రెండు శాంపిళ్ళు వేస్తే పైన చెప్పిన గొడవే మళ్ళీ.

మంచి పద్ధతి అట్ట మీద వేయడం. కనీసం రెండడుగుల చదరం ఉన్న గట్టి తెల్ల అట్టలు నాలుగు తీసుకోండి, రెండింటికి ఒక రంగు, రెండింటికి ఇంకోటి. చిన్న శాంపిల్ డబ్బా చాలు. రెండు కోట్లు తప్పకుండా వేయండి, ఒక్క కోటుతో కింది తెలుపు తొంగిచూస్తూ ఉంటుంది కాబట్టి అది అసలు రంగు కాదు. అంచున రెండంగుళాలు తెల్లగా వదిలేస్తే పాత గోడ రంగుకీ దీనికీ మధ్య ఎడం ఉంటుంది. పూర్తిగా ఆరేదాకా, వీలైతే మర్నాటిదాకా, దాని గురించి ఏ అభిప్రాయమూ పెట్టుకోవద్దు.

తర్వాత అట్టల్ని గదిలో తిప్పండి. కిటికీ ఉన్న గోడకి ఆనించి ఒక పూట, కిటికీ ఎదుటి గోడకి ఒక పూట. కిటికీ ఉన్న గోడ మీద వెలుగు సూటిగా పడదు, అందుకని అక్కడ ఏ రంగైనా ఒక మెట్టు ముదురుగా ఉంటుంది, ఇది చూడకుండా వేసినవాళ్ళు 'ఆ ఒక్క గోడ వేరే డబ్బాతో వేశారా' అని అడుగుతారు. ఒకే రంగు అట్టలు రెండింటినీ గది మూలలో ఎల్ ఆకారంలో నిలబెట్టి చూడండి, నాలుగు గోడలకీ వేస్తే రంగు ఎంత చిక్కబడుతుందో అక్కడే కొంత తెలిసిపోతుంది. ఒక రోజు ఒక రంగు అట్టలు మాత్రమే గదిలో ఉంచండి, రెండోవి బయట పెట్టేయండి. మర్నాడు మార్చండి. పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే ఒక్కోదానితో ఒక్కో రోజు గడపడం వల్ల నాకు ఎక్కువ తెలిసింది.

గది ఏ దిక్కుకి ఉందన్నది నిజంగా అంత ముఖ్యమా?

ముఖ్యమే. భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉండేవాళ్ళకి ఉత్తరం కిటికీలోంచి ఎండ నేరుగా రావడం తక్కువ, ఆకాశం వెలుగే వస్తుంది, అది నీలం వైపు మొగ్గి రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. దక్షిణం కిటికీకి ఎండ ఎక్కువ. భూమధ్యరేఖకి బాగా దిగువన ఉండేవాళ్ళకి ఇది సరిగ్గా తిరగబడుతుంది, కాబట్టి ఎక్కడో చదివిన 'ఉత్తరం గదికి ఈ రంగు' అన్న సలహాని మీ చోటుకి సరిచూసుకోండి. తూర్పు గదిలో వెలుగు పొద్దున వెచ్చగా, అంటే పసుపు వైపు, ఉండి మధ్యాహ్నానికి చల్లబడి నీలం వైపు జరుగుతుంది, పడమటి గదిలో పగలంతా డీలాగా ఉన్న గోడ సాయంత్రం ఒక్కసారిగా నారింజ రంగు తాగినట్టు మండుతుంది.

మన రెండు రంగుల సంగతి చూస్తే, చల్లటి వెలుగులో గంధం కాస్త బూడిద బారుతుంది, నెమలికంఠం లోతుగా, నీలంగా ఉంటుంది. వెచ్చటి ఎండలో గంధం బంగారంలా అవుతుంది, నెమలికంఠం ఆకుపచ్చ వైపు జరుగుతుంది. చల్లని గదికి వెచ్చని రంగే వేయాలని ఒక సూత్రంలా చెప్తుంటారు గానీ నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. వెలుగు తక్కువ ఉన్న గదిలో లేత రంగు చాలాసార్లు మురికి పట్టినట్టు కనబడుతుంది, ముదురు రంగేమో కావాలని వేసినట్టు నిండుగా ఉంటుంది.

కిటికీ బయట ఏముందో కూడా చూడండి. దగ్గర్లో పెద్ద చెట్టుంటే వచ్చే వెలుగే ఆకుపచ్చగా వస్తుంది, ఎదురుగా ఇటుక గోడ ఉంటే ఎర్రగా వస్తుంది.

రాత్రి బల్బు వెలుగులో రంగు ఎందుకు మారిపోతోంది?

గోడ తన మీద పడ్డ వెలుగునే తిప్పి కొడుతుంది, అందులో లేని రంగుని అది కొత్తగా పుట్టించలేదు. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్, 4000 కెల్విన్, 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది. 2700 అంటే పాత ఫిలమెంట్ బల్బులా పసుపు వెలుగు, అందులో నీలం పాలు తక్కువ. 6500 అంటే పగటి వెలుగులాంటి తెలుపు, నీలం పాలు ఎక్కువ.

నేను ఒకసారి పడకగదికి అచ్చంగా ఈ నెమలికంఠం రంగే ఒక మధ్యాహ్నం, కర్టెన్లు తీసి ఉండగా, ఎండలో ముచ్చటపడి ఖాయం చేశాను. రాత్రి చూస్తే నీలం అన్నదే లేదు, నలుపు కలిసిన పాచి రంగులా ఉంది. రెండు వారాలు నిజంగా బాధపడ్డాను. గదిలో ఉన్నది ఒకే ఒక్క 2700 బల్బు, అదీ సీలింగ్ మధ్యలో. దాన్ని 4000కి మార్చి, గోడ పక్కన వెలుగు గోడ మీదే పడేలా ఒక దీపం పెట్టాక రంగు తిరిగొచ్చింది. అప్పటినుంచీ ముందు బల్బులు పెట్టి, తర్వాతే రంగు చూడమని చెప్తున్నాను. బల్బు మార్చడం పది నిమిషాల పని, గోడకి రెండు రోజులు.

బల్బు మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి, 100లో 90 పైన ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

సాయంసంధ్యలో ఇంకో విచిత్రం జరుగుతుంది. వెలుగు బాగా తగ్గినప్పుడు కంటికి ఎరుపులు ముందు నల్లబడతాయి, నీలాలూ ఆకుపచ్చలూ ఇంకాసేపు వెలుగుతున్నట్టు ఉంటాయి. దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు, 19వ శతాబ్దంలో దాన్ని గమనించి రాసిన చెక్ శాస్త్రవేత్త పేరు మీద. దీపం వెలిగించకుండా కాసేపు ఆ చీకటి పడే వేళ కూర్చునే అలవాటు మీకుంటే, ఇటుక ఎరుపు కంటే నెమలికంఠం ఆ వేళకి బాగా ఒదుగుతుంది.

షాపులో సోఫా గుడ్డకి సరిగ్గా కలిసింది, ఇంట్లో కలవలేదు. మోసమా?

మోసం అయ్యుండక్కర్లేదు. గుడ్డలో వాడిన అద్దకం వేరు, పెయింట్‌లో వాడిన రంగు పొడి వేరు. ఒక వెలుగులో రెండూ ఒకటిగా కనబడి ఇంకో వెలుగులో విడిపోవచ్చు. రంగుల మీద పనిచేసేవాళ్ళు దీన్ని మెటామెరిజం అంటారు. సోఫా గుడ్డ ముక్కో కుషన్ కవరో మీ గదిలో, మీ బల్బు కింద, మీ అట్ట పక్కన పెట్టి చూడటం ఒక్కటే దారి.

ముదురు రంగు వేస్తే గది చిన్నదైపోతుంది అంటారు. నిజమేనా?

కొంత నిజం, మిగతాది భయం. లేత గోడలు వెలుగుని ఎక్కువ తిప్పి కొడతాయి కాబట్టి గది తెరుచుకున్నట్టు ఉంటుంది. సీలింగ్ లేతగా ఉంటే ఎత్తుగా అనిపిస్తుందన్నదీ నిజమే. కానీ ముదురు గోడల్లో మూలల గీతలు అంతగా కనబడవు, నీడలు కలిసిపోతాయి, దాంతో గోడ ఎక్కడ ఆగిందో కన్ను చప్పున పట్టుకోలేదు. చిన్న గదిని ముదురుగా వేసి వెలుగు సరిగ్గా అమర్చితే అది ఇరుగ్గా కాకుండా ఒదిగినట్టు, హాయిగా అనిపించడం నేను చాలాసార్లు చూశాను. మరీ ఇరుకు గదిని తెల్లగా వేసినంత మాత్రాన అది పెద్దది అవదు. పొడుగ్గా సొరంగంలా ఉన్న గదికి చివరి పొట్టి గోడ ఒక్కటే ముదురుగా వేస్తే ఆ గోడ ముందుకొచ్చినట్టయి పొడుగు తగ్గుతుంది.

గదిలో సామాను ఎక్కువైతే మాత్రం ఏ రంగూ కాపాడదు.

షేడ్ కార్డ్ మీద ఎల్‌ఆర్‌వి అని ఏదో అంకె ఉంది. దాన్ని పట్టించుకోవాలా?

తప్పకుండా. ఆ రంగు తన మీద పడ్డ వెలుగులో ఎంత తిప్పి కొడుతుందో చెప్పే అంకె అది. 0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. నెమలికంఠం లాంటి ముదురు రంగు సుమారు 10 దగ్గర ఉంటుంది, లేత గంధం 65 అటూ ఇటూ. అంటే ఒకే బల్బు కింద ఒక గోడ వెలుగులో పదో వంతు తిరిగి ఇస్తుంది, ఇంకోటి మూడింట రెండు వంతులు. నెమలికంఠం కావాలంటే రెండు మూడు చోట్ల అదనంగా దీపాలు పెట్టడానికి కూడా సిద్ధపడాలి. ఒకే బల్బుతో సరిపెట్టుకునే గది అయితే, ఇది నా గట్టి అభిప్రాయం, గంధమే వేయండి.

నీలం ప్రశాంతతనిస్తుంది, ఎరుపు కోపం తెప్పిస్తుంది అంటారు. దాన్ని బట్టి ఎంచుకోవచ్చా?

అంత ఖాయంగా ఏ రంగూ పనిచేయదు. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక నౌకాదళ జైలు గదికి ఒక రకం గులాబీ రంగు వేస్తే ఖైదీలు శాంతించారని చెప్పారు, దాన్ని చూసి ఇంకొన్ని జైళ్ళూ అదే రంగు వేశాయి. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. రంగు ఎంత ముదురు, ఎంత గాఢం అన్నవి కూడా మనకి అనిపించే తీరుని బాగా మారుస్తాయి. మెరిసే గాఢ నీలం ప్రశాంతంగా ఉండదు, మట్టి కలిసిన ఎరుపు కోపంగా ఉండదు. మీ చిన్నప్పటి ఇంట్లో ఏదో గది ఏదో రంగులో ఉండి, అక్కడ మీకు భద్రంగా అనిపించి ఉంటే, ఆ జ్ఞాపకానికి ఈ సూత్రాలన్నింటికంటే ఎక్కువ విలువ ఇవ్వండి.

రెండు రంగులూ ఒకే గదిలో వేసేయొచ్చా?

వేయొచ్చు, చాలామందికి నేను చివరికి చెప్పేదీ ఇదే. కాకపోతే సగం సగం పంచొద్దు. రెండు గోడలు అది, రెండు గోడలు ఇది అని వేస్తే చూపు ఎక్కడా నిలబడదు, గది కొట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒకటి గదిని ఏలాలి, ఇంకోటి దానికి తోడుండాలి. ఇంటి అలంకరణ పనిలో ఉన్నవాళ్ళు 60-30-10 అని ఒక కొలత చెప్తారు: ప్రధాన రంగు 60 పాళ్ళు, రెండోది 30, మెరుపు కోసం మూడోది 10. టేపు పట్టుకుని కొలవాల్సిన పని లేదు, ఒకటి స్పష్టంగా ఎక్కువ ఉండాలని గుర్తుంటే చాలు.

ముదురు రంగు ఏ గోడకి వేయాలి అంటే, గదిలోకి అడుగుపెట్టగానే చూపు సహజంగా వెళ్ళే గోడకి. పడకగదిలో మంచం తల వైపు గోడ సాధారణంగా బాగుంటుంది, ఎందుకంటే పడుకున్నప్పుడు అది మీ వెనకే ఉంటుంది, కళ్ళకి ఎదురుగా లేత గోడ ఉంటుంది. కిటికీ ఉన్న గోడ మాత్రం వద్దు. వెలుగు ఆ గోడ మధ్యలోంచి కళ్ళలోకి వస్తుంటే చుట్టూ ఉన్న ముదురు రంగు ఇంకా నల్లబడి, కిటికీ గుచ్చుకునేంత తెల్లగా కనిపిస్తుంది.

అడ్డంగా కోసి కింద ముదురు, పైన లేత వేయడం ఇంకో పద్ధతి. గోడ ఎత్తులో కింది మూడో వంతు వరకు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు, నెమలికంఠం, పైన గంధం. కుర్చీలు రాసుకునే, పిల్లల చేతులు తగిలే భాగం ముదురుగా ఉంటే మరకలు తెలియవు. సరిగ్గా సగానికి కోస్తే మాత్రం గోడ రెండు ముక్కలైనట్టు ఉంటుంది, నాకు నచ్చదు.

రంగు మార్చేది ఎప్పుడూ లోపలి మూలలోనే. బయటికి పొడుచుకొచ్చిన మూల దగ్గర మారిస్తే రంగు గోడకి అంటించిన కాగితంలా కనబడుతుంది.

రెండు రంగులు కలిసే చోట గీత తిన్నగా రావడం లేదు.

మాస్కింగ్ టేపు అంటించాక ముందు టేపు అంచు మీద పాత రంగే, అంటే టేపు కింద ఉన్న రంగే, పల్చగా ఒక చెయ్యి వేయండి. టేపు సందుల్లోకి కారేది ఆ రంగే కారి సందులు మూసుకుపోతాయి. అది ఆరాక కొత్త రంగు వేసి, ఇంకా కాస్త తడిగా ఉండగానే టేపుని వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగండి. పూర్తిగా ఎండాక లాగితే పెయింట్ పొర కూడా లేచొస్తుంది.

మ్యాట్ వేయాలా, శాటిన్ వేయాలా? దానికీ రంగుకీ సంబంధం ఉందా?

ఉంది, అదే రంగు మెరుపుని బట్టి వేరేలా కనబడుతుంది. మెరుపున్న ఫినిష్‌లో రంగు లోతుగా ఉంటుంది గానీ బల్బు ప్రతిబింబం పడే చోట వెలవెలబోతుంది, పుట్టీ సరిగ్గా పట్టని గుంటలన్నీ బయటపడతాయి. మెరుపు లేని మ్యాట్ ఆ లోపాల్ని దాస్తుంది. ముదురు రంగు మ్యాట్‌కి ఉన్న బాధేమిటంటే చెయ్యో సంచో రాసుకున్న చోట మెరుపు గీతలు పడతాయి, తుడిస్తే ఇంకా ఎక్కువవుతాయి. కాబట్టి మనుషులు తిరిగే దారిలో ఉన్న ముదురు గోడకి తక్కువ మెరుపున్న శాటిన్ లాంటిది, మిగతా చోట్ల మ్యాట్. శాంపిల్ కూడా మీరు వేయబోయే ఫినిష్‌లోనే తీసుకోండి.

నేల, తలుపులు మార్చడం లేదు. వాటిని ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

వాటితోనే మొదలుపెట్టాలి. గదిలో మారనివి ఏవో, అంటే నేల, తలుపుల చెక్క, పెద్ద బీరువా, వాటి లోపలి ఛాయ ముందు చూడండి. అచ్చ తెల్ల కాగితం వాటి మీద పెడితే తెలుస్తుంది: 'తెల్లగా' ఉందనుకున్న నేల నిజానికి గులాబీ ఛాయదో, పచ్చ ఛాయదో అని. గులాబీ ఛాయ నేల మీద పసుపు ఛాయ గంధం పెడితే రెండూ పాతబడినట్టు ఉంటాయి. ఎర్రటి చెక్క పక్కన నెమలికంఠం మాత్రం అదిరిపోతుంది, ఎందుకంటే ఎరుపు-నారింజ, నీలం-ఆకుపచ్చ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాన్ని ఇంకోటి పైకి తెస్తుంది. ఆ చెక్క అంతగా కనబడటం మీకు ఇష్టం లేకపోతే, అదే కారణంగా వద్దు.

ఫోన్లో గోడ ఫోటో తీసి యాప్‌లో రంగు మార్చి చూసుకుంటే?

ఏ గోడకి ముదురు, ఏ గోడకి లేత అనేది చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. అసలు రంగు తేల్చుకోవడానికి పనికిరాదు. ఫోను కెమెరా వెలుగులోని పసుపునీ నీలాన్నీ తనంతట తానే సరిచేసేస్తుంది, మీకు కనిపించాల్సిన తేడానే అది తుడిచేస్తుంది. దూరంలో ఉన్నవాళ్ళకి ఫోటో పంపి 'ఏది బాగుంది' అని అడగడం కూడా అంతే.

ఇంట్లో ఇద్దరం చెరో రంగు పట్టుకుని కూర్చున్నాం. మధ్యస్థంగా మూడోది వేసేస్తే పోదా?

రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ముదురు కావాలన్నవాళ్ళకి నిండుదనం దక్కదు, లేత కావాలన్నవాళ్ళకి వెలుగు దక్కదు. ఇద్దరికీ నచ్చని ఆ మధ్యస్థపు బూడిద గోడల మధ్య ఏళ్ళ తరబడి ఉండాల్సి వస్తుంది. అంతకంటే ఒకరి రంగు ఈ గదికి, ఇంకొకరిది పక్క గదికి ఇచ్చేయడం నయం. ఒక్కటే గది అయితే ఆ గదిలో ఎవరు ఎక్కువసేపు ఉంటారో వాళ్ళ మాటకే బరువు ఎక్కువ, రెండోవాళ్ళ రంగు తలుపుకో కర్టెన్లకో రగ్గుకో వెళ్తుంది.

ఇంకోమాట, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇద్దరూ ఒకే గోడని చూస్తూ నిజంగానే వేర్వేరు రంగులు చూస్తూ ఉండొచ్చు. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియకపోవడం పుట్టుకతోనే వస్తుంది, ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో చాలా ఎక్కువ. వయసు పెరిగే కొద్దీ కంటిలోని కటకం పసుపు బారి నీలాలు డీలాగా కనిపిస్తాయి. మీ అమ్మగారు 'అది నలుపు కదా' అంటున్న నెమలికంఠం ఆవిడ కంటికి నిజంగానే నలుపుకి దగ్గరగా ఉండొచ్చు. వాదించొద్దు. ఆ గది ఆవిడదైతే ఆవిడ కంటితోనే తేల్చండి. పెద్దవాళ్ళుండే గదుల్లో నేలకీ గోడకీ, గోడకీ తలుపుకీ ముదురు-లేత తేడా స్పష్టంగా ఉండటం నడకకి కూడా మంచిది.

వేస్తుంటే వేరే రంగులా ఉంది. డబ్బా తప్పు తెచ్చామా?

ఆగండి, ఆరనివ్వండి. నీటితో కలిపే ఎమల్షన్లు, అంటే గోడలకి వేసే మామూలు పెయింట్లు, తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక సాధారణంగా ముదురుతాయి. రెండో కోటు ఆరాక, పగలూ రాత్రీ చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

ఎంత పెయింట్ కావాలి? ముదురు రంగుకి ఎక్కువ పడుతుందా?

ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, వేసిన నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక కోటుకి సుమారు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది, కచ్చితమైన అంకె డబ్బా మీద ఉంటుంది. 4 మీటర్లకి 3.5 మీటర్ల గది, ఎత్తు 2.7 అనుకుంటే గోడలన్నీ కలిపి 40.5 చదరపు మీటర్లు. తలుపు, కిటికీకి ఒక 4 తీసేస్తే 36.5. రెండు కోట్లకి 73, అంటే ఏడున్నర లీటర్ల దాకా.

ముదురు, గాఢమైన రంగులకి ఇంకో కోటు పట్టొచ్చు. లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి దండిగా ఉంటుంది, కింది రంగుని కప్పేది ప్రధానంగా అదే. గాఢమైన రంగు కలపడానికి వాడే అసలు పెయింట్, అంటే బేస్‌లో అది చాలా తక్కువ. కాబట్టి తెల్ల ప్రైమర్ మీద నేరుగా నెమలికంఠం వేయకుండా బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేయించండి, ఒక కోటు తగ్గొచ్చు. రెండు మూడు డబ్బాలు తెస్తే అన్నింటినీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టండి. ఒకే నంబరు రంగైనా డబ్బాకీ డబ్బాకీ పిసరంత తేడా ఉంటుంది, అది సరిగ్గా గోడ మధ్యలో బయటపడితే మళ్ళీ ఆ గోడంతా వేయాల్సిందే.

అన్నీ చూసి వేశాం, అయినా నచ్చలేదు. ఇప్పుడేం చేయాలి?

రెండు వారాలు ఏమీ చేయకండి. ఖాళీ గదిలో, సామాను గోడలకి దూరంగా జరిపి, కర్టెన్లు లేకుండా చూసిన రంగు మీ రంగు కాదు. అన్నీ యథాస్థానంలో పెట్టండి, బల్బు మార్చి చూడండి, గోడకి ఎదురుగా ఒక లేత రగ్గు పరిచి చూడండి, నేల నుంచి వెలుగు ఎగిరి గోడ తేటపడుతుంది. పాత రంగుకి అలవాటుపడ్డ కన్ను కొత్తదాన్ని కొన్ని రోజులు తప్పుగానే చూస్తుంది.

అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే ఒక్క గోడ మార్చండి, ఎక్కువ ఇబ్బంది పెడుతున్న గోడ ఏదో అది. నెమలికంఠం మీద గంధం వేయాలంటే ముందు తెల్ల ప్రైమర్ తప్పదు, లేదంటే మూడు కోట్లు వేసినా లోపలినుంచి నీలం ఛాయ తొంగిచూస్తుంది. గంధం మీద నెమలికంఠం వేయడం దానితో పోలిస్తే తేలిక. అందుకే ఎంత చూసినా రెండూ సమానంగానే తూగుతున్నవాళ్ళకి ముందు లేతది వేసుకోమని చెప్తాను, శాంపిల్ అట్టలు పారేయకుండా బీరువా వెనక దాచుకుని, ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి ఆ ముదురు అట్టని మళ్ళీ మంచం వెనక నిలబెట్టి చూసుకోమని.